ఆర్చి ఎవరు నిలబెట్టారు?

"ఆయన చేత ఆ మాట అనిపించను అక్కా. నా కంఠంలో ప్రాణం ఉండగా అనిపించను," అంది తోటికోడలు, కడిగిన గ్లాసులు ఒక్కొక్కటే బల్ల మీద బోర్లిస్తూ.

గ్లాసులు మాటలకన్నా గట్టిగా పడుతున్నాయి. పెద్దకోడలు గుమ్మానికి ఆనుకుని వాటినే చూస్తోంది. ఒకటి పగిలితే ఊడ్చే ఓపిక కూడా ఆమెకు లేదు. ఆదివారం ఫంక్షను హాల్లో పూల ఆర్చి కూలినప్పటినుంచీ ఆ ఇంట్లో ఎవరూ కడుపునిండా తిన్నదీ లేదు, కంటినిండా నిద్రపోయిందీ లేదు.

"పనివాణ్ణి అనడం అంత పెద్ద తిట్టా? పొద్దున్న లేస్తే నేను చేసేది పని కాదూ?"

"మీరు చేసేది మీ సొంత పని. మా ఆయన వేరే బోర్డు పెట్టుకుంటానన్నరోజు ఈ ఇంట్లో ఎంత రభస జరిగిందో మీరు మర్చిపోయారేమో, నేను మర్చిపోలేదు. 'అన్న కింద చెయ్యడం నామోషీనా' అన్నారు బావగారు. ఇప్పుడేమో ఆ బోర్డు ఉత్తుత్తిదే, నేను అన్నయ్య దగ్గర జీతగాణ్ణే అని ఈయన రాసివ్వాలా?"

"రాసివ్వకపోతే, ఆర్చి కింద చెయ్యి విరిగిన వయొలినావిడ సంగతేంటి?"

తోటికోడలు చేతిలో గ్లాసు కాసేపు గాల్లోనే ఆగింది. తర్వాత అదొక్కటీ నెమ్మదిగా బోర్లించింది.

ఫంక్షన్లు చేయించే వ్యాపారం పెద్దకోడలిది. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, కంపెనీల వార్షికోత్సవాలు. జనం నవ్వుతూ వచ్చి నవ్వుతూ వెళ్ళాలి, మధ్యలో ఏడవాల్సిన ఏడుపంతా ఆమె ఏడవాలి. భర్త ఉద్యోగం మానేసి అందులోకే వచ్చాడు. సామాన్లు ఎక్కడినుంచి ఎక్కడికి పోవాలో ఆయన చూస్తాడు. స్టేజీలు, ఆర్చిలు, లైట్లు నిలబెట్టేది మరిది. అన్నదమ్ములకు చెడి అతను వేరుపడ్డాడు. చెడిందన్న మాటేగానీ, వదిన ఫోన్ చేస్తే చాలు, నిచ్చెన భుజాన వేసుకుని దిగిపోతాడు. కాగితమూ లేదు, కాంట్రాక్టూ లేదు. మనవాడేగా!

ఆ 'మనవాడేగా' అన్నదే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

---

కింద ఆఫీసు గదిలో పాలసీ బాబాయి అప్పటికే బిస్కట్ల ప్లేటు ఖాళీ చేసి, అడుగున మిగిలిన పొడిని వేలికి అద్దుకుంటున్నాడు. ఆయన ఎవరికి నిజంగా బాబాయో ఎవరికీ తెలియదు. పాలసీ అమ్మిన ప్రతి ఇంట్లోనూ బాబాయే.

"రా అమ్మాయ్, కూర్చో. బీమా కంపెనీ సర్వేయరమ్మ భోజనాలయ్యాక వస్తుంది. ఈలోగా మనందరి మాటా ఒక్కటవ్వాలి."

గదిలో సగం పూలకుండీ స్టాండ్లు, మడత కుర్చీలు. వాటి మధ్య భర్త అటూ ఇటూ తిరుగుతున్నాడు. అత్తగారు మూల కుర్చీలో ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. మరిది నేల మీద కూర్చుని ఒక మడత కుర్చీకి ఊడిన స్క్రూ బిగిస్తున్నాడు. ఆ కుర్చీ బాగుచెయ్యమని అతన్ని ఎవరూ అడగలేదు.

"ఇంకోసారి చెప్పండి బాబాయ్. నా బుర్రకెక్కడం లేదు," అంది పెద్దకోడలు. "మనిషి మీద ఏదైనా పడితే పాలసీ ఉందన్నారుగా?"

"ఉంది. ఎందుకు లేదూ? కుర్చీలకు చేయించావు, తెరలకు చేయించావు, వానొచ్చి ఫంక్షను ఆగిపోతే దానికీ చేయించావు. వచ్చినవాళ్ళకు దెబ్బ తగిలితే దానికీ చేయించావు. బంగారంలాంటి పాలసీ. కానీ ఆ దెబ్బ నీవల్లో, నీ పనివాళ్ళవల్లో తగలాలి. బయటి కాంట్రాక్టరు వల్ల తగిలితే, ఆ కాంట్రాక్టరుకు వేరే పాలసీ ఉండాలి. అది ఉందో లేదో చూసుకోవడం నీ బాధ్యత. ఉందా?"

మరిది స్క్రూ తిప్పడం ఆపలేదు.

"లేదు," అన్నాడు భర్త. "వీడికి బోర్డు కావలసొచ్చింది గానీ పాలసీ అక్కర్లేకపోయింది. మహానుభావుడు!"

"నేనూ అడగలేదుగా," అంది ఆమె.

అదే ఆమెను తొలుస్తోంది. కొత్తగా వచ్చిన వంటవాళ్ళను అడిగింది. జనరేటరు అద్దెకిచ్చేవాణ్ణి అడిగింది. మీకు పాలసీ ఉందా, కాగితం చూపించండి, లేకపోతే మా ఫంక్షనులో అడుగుపెట్టొద్దు అని కరాఖండిగా చెప్పింది. అందరికన్నా ఎత్తున ఎక్కి, అందరి నెత్తిమీదా బరువులు కట్టే మనిషిని మాత్రం అడగలేదు. బయటివాణ్ణి ఎవరైనా అడుగుతారుగానీ, సొంత మరిదిని పట్టుకుని నీ కాగితం చూపించు అని ఏ వదిన అడుగుతుంది?

"అందుకే చెప్తున్నా," అన్నాడు పాలసీ బాబాయి. "అబ్బాయి మీ పనివాడే అనుకుందాం. బోర్డు ఏదో సరదాకి పెట్టుకున్నాడు. అప్పుడు పాలసీ నిక్షేపంలా వర్తిస్తుంది. వయొలినావిడ రెండో ఆపరేషను అయిపోతుంది, మీ పరువూ నిలబడుతుంది. ఇంకొక్కటి. ఆర్చి కింద బరువుకు ఇసుక సంచులు ఎందుకు లేవని సర్వేయరమ్మ తప్పకుండా అడుగుతుంది. మర్చిపోయాను అనాలి."

"మర్చిపోవడమేంటి?" అంది అత్తగారు.

"మర్చిపోతే పాలసీ కాపాడుతుందమ్మా. మనుషులు మర్చిపోతారనేగా పాలసీలు పుట్టింది. పడుతుందని తెలిసీ తీసేస్తే మాత్రం కాపాడదు. అది పొరపాటు కాదు, తెగింపు అంటారు."

"అబద్ధం ఆడక్కర్లేదుగా, వాడు మర్చిపోయింది నిజమేగా!" భర్త గొంతు పెంచాడు. "ఆర్చి నిలబెట్టి కింద బరువు పెట్టనివాణ్ణి ఎక్కడైనా చూశారా? మా అమ్మ బట్టలారేసే కర్రకు కూడా రాయి ఆనిస్తుంది. అవునా అమ్మా? వీడికి ఆపాటి తెలివి లేకపోయె."

మరిది తలెత్తి అన్న వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మళ్ళీ స్క్రూ మీదికి వంగాడు.

"ఏం చూస్తావురా? అన్నది తప్పా?"

"తప్పని నేనన్నానా అన్నయ్యా?"

ఆ ఒక్క మాటకే భర్త తిరగడం ఆపి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అత్తగారు నిట్టూర్చింది. పాలసీ బాబాయి, టీ ఏమైనా దొరుకుతుందా అని అడిగాడు.

---

టీ పెట్టడానికి మెట్లెక్కుతుంటే మధ్యలోనే తోటికోడలు అడ్డుపడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పైనుంచి అంతా విన్నట్టుంది.

"మర్చిపోయానని కూడా చెప్పాలటగా?"

"నువ్వు కూడా మొదలుపెట్టకు. పొద్దున్న ఆస్పత్రికి వెళ్ళొచ్చాను. ఆవిడ నన్ను ఒక్కటే అడిగింది, వేళ్ళు ముడుచుకుంటాయా అని. డబ్బు మాట ఎత్తలేదు, కేసు మాట ఎత్తలేదు. పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతికే మనిషి. ఎడమచేతి వేళ్ళు తీగ మీద ఆనకపోతే ఇంక ఆవిడకేముంది? నేనే పిలిచాను అక్కడికి. వాయించడం అయిపోయి, పెట్టె పట్టుకుని గుమ్మం దాటుతుంటే ఆర్చి మీద పడింది. రెండో ఆపరేషను ఆలస్యమైతే వేళ్ళు అలాగే బిగుసుకుపోతాయన్నారు. నీ మొగుడి బోర్డు గొప్పదా, ఆవిడ చెయ్యి గొప్పదా?"

"బోర్డు పోతే పోనీ అక్కా. తగలబెట్టమనండి, నేనే అగ్గిపుల్ల ఇస్తాను. కానీ ఆయన మర్చిపోలేదు."

"ఏంటి?"

తోటికోడలు మెట్టు మీద కూలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఒట్టు నన్నేం తింటుందో తిననీ. ఆర్చి నిలబెట్టినప్పుడు నేనూ అక్కడే పూలు గుచ్చుతున్నా. ఇసుక సంచులు పెట్టారు, తాళ్ళతో కట్టారు. తర్వాత బావగారు ఫోన్ చేశారు. అదేరోజు రెండో హాలులో ఇంకో ఫంక్షను ఒప్పుకున్నాంగా, అక్కడ పెద్ద తెర నిలబడటం లేదట. సంచులు బండిలో వేసి పంపించెయ్ అన్నారు. ఈయన వద్దన్నయ్యా, పడిపోతుంది అన్నారు. 'లోపలున్న ఆర్చికి గాలెక్కడిదిరా, నీకన్నీ అనుమానాలే' అని కేకలేశారు. నాకు వినబడింది అక్కా. ఫోన్లోంచి పక్కనున్న నాకు వినబడింది."

పెద్దకోడలు పక్కనున్న కమ్మీ పట్టుకుంది. తలుపులు రెండూ ఒకేసారి తెరిచినప్పుడు హాల్లోకి వచ్చిన గాలి, దాని వెనకే పూలతో సహా ఒరిగిన ఆ ఎత్తు, దాని కింద వయొలినావిడ ఎత్తిన చెయ్యి. అన్నీ మళ్ళీ కళ్ళముందు తిరిగాయి.

"మరి అన్ని తిట్లూ తింటూ ఎందుకు ఊరుకున్నాడు?"

"నన్నడిగితే? 'అన్నయ్య ముఖం చూశావా, ఆయనే చెప్తాడులే' అంటారు. సోమవారం చెప్తాడన్నారు. మంగళవారం చెప్తాడన్నారు. రోజులు గడుస్తున్నాయి, తిట్లు పెరుగుతున్నాయి. మీ ఆయన చెప్పరు అక్కా."

టీ సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

---

భర్త వెనక గోడౌన్లో దొరికాడు. చుట్టచుట్టిన తివాచీల మీద కూర్చుని, చేతిలో ఏమీ లేకుండా, ఎదురుగా ఏమీ చూడకుండా ఉన్నాడు. వారంలో పదేళ్ళు పైబడినట్టున్నాడు. ఆమెకు కోపం రావలసిన చోట ముందు జాలి వచ్చింది. దానికి తనమీద తనకే ఒళ్ళు మండింది.

"సంచులు పంపమన్నది మీరా?"

ఆయన కాదనలేదు. ఎవరు చెప్పారనీ అడగలేదు.

"కొత్తవి కొనమని నువ్వు ఎన్నిసార్లు చెప్పావు! ఇసుకేగా, ఎప్పుడైనా నింపుకోవచ్చు అనుకున్నాను. ఒకేరోజు రెండు ఫంక్షన్లు వద్దన్నావు, అదీ వినలేదు."

"నన్నిప్పుడు మెచ్చుకోవద్దు. ఇన్నాళ్ళూ వాణ్ణి నోటికొచ్చినట్టు తిడుతున్నారు. అత్తయ్య ముందు, పనివాళ్ళ ముందు, ఆ బిస్కట్ల బాబాయి ముందు. ఎలా వచ్చిందండీ ఆ నోరు?"

"వాణ్ణి తిట్టకపోతే నన్ను నేను తిట్టుకోవాలి," అన్నాడు. ఆ మాట చాలా నిదానంగా అన్నాడు. "మొదటిరోజు భయంతో అనేశాను. వాడు కాదంటాడనుకున్నాను. కాదనలేదు. రెండోరోజు వెనక్కి తీసుకుందామంటే నోరు పెగల్లేదు. తర్వాత అదే నిజమన్నట్టు అయిపోయింది."

"ఇప్పుడు పెగల్చండి."

"ఏం చెప్పను? నేనే తీయించాను, వాడు పడుతుందన్నా వినలేదు అని చెప్పనా? విన్నావుగా, తెలిసి చేసినదానికి పాలసీ ఇవ్వరు. నేను మంచివాణ్ణయిపోతాను. ఆవిడ చెయ్యో? మనం ఇల్లూ వాకిలీ అమ్మి ఆపరేషను చేయించేలోగా ఆ వేళ్ళు ఆగుతాయా?"

ఆయన చెప్పింది పిరికితనమే. కానీ అందులో నిజం కూడా ఉంది. ఉత్త పిరికితనమైతే ఆమె పని సులువయ్యేది.

"సర్వేయరుకు చెప్పలేకపోతే పోనీండి. మీ తమ్ముడి దగ్గరికి వెళ్ళి, తప్పు నాదిరా అనండి. ఒక్క మాట. అందరూ వింటుండగా అక్కర్లేదు. వాడొక్కడూ విన్నా చాలు."

"అంటాను."

"ఎప్పుడు?"

"అంటానన్నానుగా!"

ఆఫీసు గదిలోంచి అత్తగారి పిలుపు వినబడింది. ఎవరో వచ్చారట.

---

సర్వేయరమ్మ నెమ్మదస్తురాలు. గొంతు పెంచలేదు, ఎవరినీ గద్దించలేదు. గోడౌన్లో పడుకోబెట్టిన ఆర్చి చట్రాన్ని తట్టి చూసింది, కాళ్ళ దగ్గర వంగి కొలిచింది, ఫొటోలు తీసుకుంది. తర్వాత ఆఫీసు గదిలో కూర్చుని, మంచినీళ్ళు మాత్రం అడిగింది. పాలసీ బాబాయి ఆవిడ పక్కన ఎంతో వినయంగా, పరీక్ష రాసే పిల్లాడి తండ్రిలా కూర్చున్నాడు.

"దీన్ని నిలబెట్టింది ఎవరండీ?"

"నేనే," అంటూ మరిది లోపలికి వచ్చాడు.

అతని ఒంటిమీద తమ కంపెనీ చొక్కా ఉంది. పనివాళ్ళందరికీ కుట్టించినప్పుడు పెద్దకోడలు అతనికీ ఒకటి కుట్టించింది. అన్న కింద పనిచేస్తున్నట్టుంటుందని ఎన్నడూ తొడుక్కోలేదు. అప్పటికీ ఇప్పటికీ ఒళ్ళు చేశాడేమో, భుజాల దగ్గర బిగుతుగా పట్టేసింది. గుమ్మం అవతల తోటికోడలు ముఖం పక్కకు తిప్పుకుంది.

"మీరు వీళ్ళ దగ్గర పనిచేస్తారా, వేరే కాంట్రాక్టరా?"

"అన్నయ్య దగ్గర పనివాణ్ణేనండీ."

"మీ పేరున వేరే బోర్డు ఉన్నట్టుందే?"

"అదేదో ముచ్చటపడి పెట్టుకున్నాను. నడవలేదు." నవ్వబోయాడు. "మనకంత సీను లేదండీ."

ఆ బోర్డు నడుస్తోందని గదిలో అందరికీ తెలుసు. పోయిన నెలలోనే అతను మొదటిసారి సొంతంగా పెద్ద స్టేజీ కట్టి, వదినను తీసుకెళ్ళి చూపించాడు. ఎలా ఉంది వదినా అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

"బరువులు ఎందుకు పెట్టలేదు?"

మరిది అన్న వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో మెడ నరాల్లో కనబడుతోంది.

"మర్చిపోయానండీ."

"మర్చిపోయారు."

"అవునండీ. తప్పు నాదే."

సర్వేయరమ్మ రాసుకుంది. రాసినంతసేపూ పాలసీ బాబాయి ఊపిరి బిగబట్టి, అయ్యాక వదిలాడు. ఆవిడ కాగితాన్ని పెద్దకోడలి వైపు తిప్పి, కలం దాని మీద పెట్టింది.

"యజమాని మీరేగా. ఇతను మీ ఉద్యోగి అనీ, బరువులు పెట్టడం ఇతను మర్చిపోయాడనీ, ఇది మీకు తెలిసినంతవరకు నిజమనీ సంతకం పెట్టండి. పెడితే ఆస్పత్రికి ఇవాళే ఫోన్ చేస్తాను, ఆపరేషనుకు అడ్డముండదు. ఒకమాట ముందే చెప్తున్నా. రేపు ఇది తప్పని తేలితే పాలసీ పోవడమొక్కటే కాదు, ఇతనిమీదా మీమీదా కేసు కూడా అవుతుంది."

"మీరు నమ్మారా?" అని అడిగేసింది పెద్దకోడలు. పాలసీ బాబాయి గతుక్కుమన్నాడు.

సర్వేయరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆవిడా అలసిపోయిన మనిషే.

"నేను నమ్మానా లేదా అన్నది కాదమ్మా. మీరు సంతకం పెడతారా లేదా అన్నదే."

పెద్దకోడలు కలం అందుకోలేదు. భర్త వైపు తిరిగింది. ఇప్పుడైనా అన్నట్టు చూసింది. సర్వేయరుకు కాకపోయినా తమ్ముడికి, మాటతో కాకపోయినా ఒక చూపుతో. గోడౌన్లో అడిగింది అదే కదా.

"మీరేమైనా చెప్పాలా అండీ?" అంది.

భర్త పెదవులు కదిలాయి. అత్తగారు కుర్చీలో ముందుకు వంగింది. మరిది నేల చూపులు మానేసి, ఈ వారంలో మొదటిసారి ఆశగా అన్న ముఖంలోకి చూశాడు.

"ఈవిడకి... టీ కూడా ఇవ్వలేదు మనం," అన్నాడు భర్త. "పాలు ఉన్నాయో లేదో. నేను వెళ్ళి పట్టుకొస్తాను."

చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

"ఆయన వచ్చాక పెడతాను," అంది పెద్దకోడలు. సర్వేయరమ్మ తలూపింది. అందరూ కూర్చున్నారు. పాల దుకాణం ఎదురుగానే ఉంది, రోడ్డు దాటితే చాలు. వీధిలో ఆయన స్కూటరు స్టార్టయింది. మలుపు దగ్గర ఒకసారి హారన్ మోగింది, ఆ తర్వాత ఇంకేమీ వినబడలేదు. అత్తగారు కళ్ళు మూసుకుంది.

కలం కాగితం మీద అలాగే ఉంది. మరిది లేచి వచ్చి, దాన్ని తీసి వదిన చేతికి అందించాడు.

"పెట్టెయ్యండి వదినా," అన్నాడు. "వాడు రాడు."

పుట్టి బుద్ధెరిగాక అతను అన్నను 'వాడు' అనడం ఎవరూ వినలేదు. పెద్దకోడలు కలం పట్టుకుని కూర్చుంది. కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయి కనబడుతున్నాయి.